తాటాకుకొక న్యాయం, డిస్కుకొక న్యాయమా?



ఛందస్సు, వ్యాకరణం తప్ప మరొకటి ఎరుగని ఈ పంతులుకు వీడియో ఆటలతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కాని నెల రోజుల కిందట ఒక పెద్దమనిషి అన్న మాట నా మనసులో ముల్లై గుచ్చుకున్నది. దానిని తీసివేసుకోవడానికే ఈ టపా.

మా అబ్బాయి 2007లో తన తొలి జీతంతో ప్లేస్టేషన్ 2 కొన్నాడు. తరువాతి సంవత్సరాలలో పాతిక దాకా ఆటల డిస్కులు కొన్నాడు. అన్నీ అసలైనవే, రసీదులు కూడా బీరువాలో ఉన్నాయి. సెలవులకు వచ్చిన మనవడు "నాన్న ఆడిన ఆట నేనూ ఆడతాను తాతయ్యా" అని దానిని దింపించాడు. యంత్రం వెలిగింది గాని డిస్కును చదవలేదు. మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే, "దీని లేజరు అరిగిపోయిందండీ, పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నారు.

మనవడు ఊరుకోలేదు. ఫ్రీ మెక్‌బూట్ అనే ప్రోగ్రామును ఎక్కించిన మెమరీ కార్డు ఒకటి సంపాదించాడు. దానిని గుచ్చితే యంత్రం మన మాట వినడం మొదలుపెడుతుంది. చిప్పు అతకనక్కరలేదు, మూత విప్పనక్కరలేదు. తరువాత మా డిస్కులను ఒక్కొక్కటిగా కంప్యూటరులో పెట్టి హార్డ్‌డిస్కులోనికి ప్రతులు తీసుకున్నాము. ఓపెన్ పీఎస్2 లోడర్ అనే మరొక ప్రోగ్రాము వాటిని నెట్‌వర్కు తీగ ద్వారా కంప్యూటరునుంచి తెచ్చుకొని ఆడిస్తుంది. లేజరు అవసరమే లేదు. పద్దెనిమిదేళ్ళ యంత్రం మళ్ళీ లేచి కూర్చున్నది.

ఇది విని నా పాత సహోద్యోగి, లెక్కల మాస్టారు, అన్న మాట ఇది: "ఏమండీ పంతులుగారూ, ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు నీతిపద్యాలు చెప్పి, చివరికి మనవడికి దొంగతనం నేర్పుతున్నారా?"

దొంగతనమా! పరుల సొత్తును అపహరించడం చౌర్యం. ఇక్కడ పరులెవరు? అపహృతమైనదేమిటి? డబ్బు ఇచ్చాము, వస్తువు తెచ్చుకున్నాము, అది ఇంకా మా బీరువాలోనే ఉన్నది. నా డిస్కులోని ఆటను నా పెట్టెలోనికి మార్చుకొని నా యంత్రంలో ఆడుకుంటే ఎవరి ఇంట ఏమి తరిగింది?

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. మన ఊళ్ళలో యంత్రాన్ని మార్పించుకోవడమంటే నకలు డిస్కులు ఆడించుకోవడమనే అర్థం స్థిరపడింది. కొనని ఆటను ఊరకే దించుకోవడాన్ని, వందల ఆటలు నింపి హార్డ్‌డిస్కులు అమ్ముకోవడాన్ని నేను సమర్థించను. కాని కత్తితో గొంతు కోసినవాడున్నాడని కూరలు తరిగేవారిని కూడా ఠాణాకు పంపుతారా?

చట్టమేమంటున్నదో చూద్దాము. నేను న్యాయవాదిని కాను. చదివినదానికి అర్థం చెప్పడం మాత్రం నా వృత్తి. మన కాపీరైటు చట్టం 52వ సెక్షన్, కంప్యూటరు ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా కలిగి ఉన్నవాడు నష్టం, నాశనం, పాడైపోవడం నుంచి తాత్కాలిక రక్షణ కోసం మరొక ప్రతి తీసుకోవచ్చునంటున్నది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ సాంకేతికమైన తాళాన్ని దాటడాన్ని నేరమన్నది. రెండేళ్ళ దాకా జైలు కూడా చెప్పింది. కాని హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో దాటినప్పుడే అన్నది. ఆ ఒక్క విశేషణాన్ని మింగివేసి మిగిలిన వాక్యాన్ని మాత్రం చదివి బెదిరిస్తే, అది అన్వయదోషమంటాను.

ఆస్ట్రేలియాలో ప్లేస్టేషన్‌కు చిప్పులు అమర్చి అమ్మిన స్టీవెన్స్ అనే ఆయనపై సోనీ వ్యాజ్యం వేసింది. 2005లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం సోనీ వాదనను తోసిపుచ్చింది. ఆ తాళం ప్రతి తీయడాన్ని అడ్డుకోవడం లేదు, తీసిన ప్రతిని ఆడించడాన్ని మాత్రమే అడ్డుకుంటున్నది, కనుక చట్టం చెప్పిన రక్షణసాధనం కాదు అన్నది తీర్పు సారాంశం. 2006లో అక్కడి చట్టాన్నే మార్చివేశారనుకోండి. వాదంలో ఓడినవారు నిఘంటువును మార్పించినట్లున్నది!

మరి ఆ తాళం వేసినవారు వస్తువు బాధ్యతైనా వహిస్తున్నారా? ప్లేస్టేషన్ 2 తయారీ నిలిపివేసినట్లు సోనీ 2013 జనవరిలో ప్రకటించింది. 2018లో స్వదేశమైన జపానులో మరమ్మతులు కూడా మానుకున్నది. అందుకు తప్పుపట్టను, ఏ వస్తువునైనా కలకాలం ఎవరు బాగుచేస్తారు? కాని తాను బాగుచేయనిదానిని కొన్నవాడు బాగుచేసుకుంటే దొంగ అనడం ఏ ధర్మం? అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో 87 శాతం బజారులో దొరకడం లేదని తేలింది. గ్రంథాలయాలలో భద్రపరచిన ఆటలను పరిశోధకులు దూరం నుంచి చూసుకునే వీలు కల్పించమని అడిగితే, 2024లో అక్కడి ప్రభుత్వం కాదన్నది. అమ్మరు, ఇవ్వరు, దాచుకోనివ్వరు!

మిత్రులారా, మన సాహిత్యం ఎలా బ్రతికింది? తాటాకు శాశ్వతం కాదు. పురుగు తింటుంది, చెమ్మకు చీకుతుంది. ఆకు నశించకముందే ఎవరో ఒకరు గంటం పట్టి మరొక ఆకు మీదికి ఎక్కించబట్టి నన్నయ మనదాకా వచ్చాడు. బ్రౌను దొర కడపలో పండితులకు జీతాలిచ్చి పాఠాలు సరిచూపించి, ప్రతులు రాయించాడు. ఆ లేఖకులను దొంగలన్నవాడెవడైనా ఉన్నాడా? ప్రతి రాయడం కృతికి ప్రాణం పోయడమే. డిస్కు కూడా మన తరపు తాటాకే. గీతలు పడుతుంది, పొర లేస్తుంది. దానిని చదివే లేజరు దానికంటే ముందే కన్ను మూస్తుంది.

ఇది ఎక్కడో జపాను ఆటల గొడవ అనుకోకండి. మా బీరువాలోని డిస్కులలో "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆట ఒకటున్నది. 2009లో ఈ యంత్రం కోసమే మన హైదరాబాదులోని అరోనా సంస్థ తయారుచేసింది. గొప్ప ఆట కాదని మనవడి తీర్పు. కావచ్చు. మన నిఘంటువులలో, పీఠికలలో పేరు మాత్రమే మిగిలిన కావ్యాలెన్ని లేవు? అవన్నీ గొప్పవేనా? అయినా ఒక్క ప్రతి దొరికితే కళ్ళకద్దుకోమా? మన ఊరి పిల్లలు కష్టపడి చేసిన పని, ఒక లేజరు అరిగినంతమాత్రాన కనుమరుగు కావలసినదేనా?

లెక్కల మాస్టారికి నా జవాబు ఇంతే: నేను మనవడికి నేర్పినది దొంగతనం కాదు, ప్రతి రాసుకోవడం. మా వంశంలో అది కొత్త విద్య కాదు. మా ముత్తాత చేతి రాతలో ఉన్న ఆంధ్రశబ్దచింతామణి ప్రతి, ఈ డిస్కులు, ఒకే బీరువాలో ఉన్నాయి.

మీ అభిప్రాయాలను వ్యాఖ్యలలో తెలుపగలరు. విభేదించేవారికి స్వాగతం, తిట్టదలచినవారు మాత్రం దయచేసి తప్పుల్లేని తెలుగులో తిట్టండి.