ఆదివారం రాని కడుపునొప్పి నాటకం కాదు

అడిక్‌మెట్ గల్లీల నుండి ఉదయాన్నే బయలుదేరే నర్సరీ ఆటోలను గమనించండి. మూడేళ్ల, నాలుగేళ్ల పసివారిలో ఎవరో ఒకరు "కడుపు నొప్పి" అనో "తల నొప్పి" అనో ఏడుస్తుంటారు. పెద్దలు తక్షణమే తీర్పు చెబుతారు: "బడి ఎగ్గొట్టడానికి నాటకాలు. ఆదివారం రాదేం ఈ నొప్పి?" ఈ తీర్పు శాస్త్రరీత్యా తప్పు, ధర్మరీత్యా అంతకన్నా తప్పు.

ఆదివారం నొప్పి రాకపోవడం అబద్ధానికి రుజువు కాదు, కారణానికి ఆనవాలు. ఆ రోజు బిడ్డ నిద్ర తీరేదాకా పడుకుంటుంది, నింపాదిగా తింటుంది, ఇంట్లోనే దొడ్డికి వెళుతుంది, ఎవరికీ భయపడదు. తక్కిన ఆరు రోజులూ ఈ నాలుగింటిలో ఏది లోపిస్తున్నదో వెదకవలసినది మనమే.

పేగులకూ మెదడుకూ నరాల ద్వారా ఎడతెగని సంబంధం ఉన్నది. భయం కలిగితే పేగుల కదలిక మారుతుంది. నొప్పి నిజంగానే పుడుతుంది. బ్రిటన్ వైద్యుడు జాన్ ఆప్లే వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి, ఇంచుమించు ప్రతి పదిమందిలో ఒకరికి కడుపునొప్పి మళ్లీ మళ్లీ వస్తున్నదని 1958లో ప్రకటించారు. వారిలో అత్యధికులకు అవయవాల జబ్బేదీ లేదు. జబ్బు కనిపించకపోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు.

ఈ వయసులో తరచుగా కనిపించే కారణం మలబద్ధకం. బడిలోని మరుగుదొడ్డికి జంకి బిడ్డ బిగబట్టుకుంటుంది. మలం గట్టిపడి నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి మరింత బిగబడుతుంది. రెండవది ఆకలి. 1958లో కూనూరు నుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన పొరుగున తార్నాకలోనే ఉన్నది. ఇంత చేరువలో పసివాడు రెండు బిస్కెట్లతో బడికి పోవడం మనకు సిగ్గుచేటు కాదా?

తలనొప్పికి "సైనస్" అని పేరు పెట్టడం మరొక అలవాటు. నుదుటి ఎముకలోని గాలిగదులు ఈ వయసుకు సరిగా ఏర్పడనే ఏర్పడవు. ఖాళీ కడుపు, నిద్రలేమి, చూపులోపం, జ్వరం, మైగ్రేన్... ముందు వీటిని ఆలోచించాలి. మూడు, నాలుగేళ్ల వారికి రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర కావాలనీ, తెర చూసే సమయం గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రాత్రి పదకొండు దాకా ఫోను చేతికిచ్చి, పొద్దున్నే లేపి తరిమితే తల నొప్పించదా?

బడులనూ అడగాలి. మూడు నుండి ఆరేళ్ల వయసుకు ఆటపాటల చదువే తగినదని 2020 జాతీయ విద్యావిధానం చెబుతుంటే, నర్సరీ బిడ్డకు ఇంటిపని ఎందుకు?

"నమ్మితే అలుసవుతారు" అంటారు కొందరు. నమ్మడమంటే బడి మాన్పించి ఫోను చేతికివ్వడం కాదు. నొప్పి ఎక్కడో అడిగి, పొట్ట తడిమి, తినిపించి, దొడ్డికి కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి పంపడం. దుకాణంలో దొరికిన సిరప్ పోయడం కూడా వైద్యం కాదు; పన్నెండేళ్ల లోపు పిల్లలకు నిమెసులైడ్‌ను మన దేశం 2011లోనే నిషేధించింది.

అయితే కొన్ని లక్షణాలకు ఒక్క రోజూ ఆగరాదు. నిద్రలోనుండి లేపే నొప్పి, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు, నడకలో తూలు, మెడ బిగుసుకోవడం, పచ్చని వాంతి, మలంలో రక్తం, బరువు తగ్గడం, బొడ్డుకు దూరంగా ఒకే చోట నిలిచే నొప్పి. వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లండి. మూడేళ్ల బిడ్డకు గొంతునొప్పీ, మూత్రంలో ఇన్ఫెక్షనూ, న్యుమోనియా కూడా "కడుపు నొప్పే". దానికి ఉన్న మాట అదొక్కటే. ఆ ఒక్క మాటనూ నాటకమని కొట్టిపారేస్తే, నిజంగా ప్రమాదం వచ్చిన రోజున ఆ బిడ్డ మనకు ఏమని చెప్పుకోవాలి?