‘కదలొద్దు’ అనకండి!

మన ఇళ్లలో గోడ మీద దండ వేసి ఉన్న ఫొటోలను ఓసారి గమనించండి. కొన్నిటి వెనక రంగు నీలంగానో తెల్లగానో ఉంటుంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటోను పెద్దది చేయించారన్నమాట. ఇంకొన్నిటిలో భుజం పక్కన ఎవరిదో పట్టుచీర అంచు కనిపిస్తుంది. ఏ పెళ్లి గ్రూప్ ఫొటోలోంచో కత్తిరించిందది. పెద్దకర్మ ఫ్లెక్సీకి ఫొటో పంపమని షాపువాళ్లు అడిగిన రోజు ఇంటిల్లిపాదీ ఫోన్లు వెతుకుతారు. వేల ఫొటోలుంటాయి. నానమ్మ నానమ్మలా ఉన్నది మాత్రం ఒక్కటీ దొరకదు.

పిల్లల సంగతీ అంతే. నాలుగేళ్ల బుడ్డోడి ఫొటోలు గ్యాలరీ నిండా ఉంటాయి. అన్నిటిలోనూ అవే ఇకిలించిన పళ్లు, అవే రెండు వేళ్లు. వాడు రోజంతా ఎలా పరిగెత్తేవాడో, అలిగితే మూతి ఎలా ముడిచేవాడో చెప్పే ఫొటో వెతికినా కనబడదు.

ఇందులో ఫోన్ తప్పేం లేదు. ఫోన్ ఎత్తగానే మన నోట్లోంచి వచ్చే మాటతోనే చిక్కంతా. "కదలొద్దు... ఇటు చూడు... నవ్వు!"

ఆ మాట ఎక్కడిది?

1839లో డాగెరోటైప్ పద్ధతి లోకానికి పరిచయమైనప్పుడు ఒక్క ఫొటో పడాలంటే నిమిషాలు పట్టేది. మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోయేది. అందుకే స్టూడియోల్లో తల కదలకుండా వెనక నుంచి ఓ ఇనుప ఊత పెట్టేవాళ్లు. అంతసేపు నవ్వు నిలబెట్టడం ఎవరివల్లా కాదు కదా, అందరూ బిగుసుకుని కూర్చునేవాళ్లు. ఆ ఊత ఎప్పుడో పోయింది. అలవాటు మాత్రం మనకు మిగిలింది. మీ చేతిలో ఉన్న ఫోన్ మంచి పగటి వెలుతురులో సెకనులో వెయ్యో వంతులో ఫొటో తీసేయగలదు. దాని కోసం ఎవరూ ఊపిరి బిగబట్టక్కర్లేదు.

హైదరాబాద్‌లో జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టారు. దాన్ని నడిపిందీ ఒక బ్రిటిష్ మహిళే. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి కెమెరా ముందు కూర్చోరు మరి. కెమెరా వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టే ముందున్నవాళ్ల మొహం ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ లెక్కన మీ నానమ్మకు మీకంటే మంచి ఫొటోగ్రాఫర్ ఎక్కడ దొరుకుతారు చెప్పండి?

ముందు పని చెప్పండి

ఖాళీ చేతులతో నిలబెడితే ఎవరైనా బిగుసుకుపోతారు. అందుకే చేతులకు పని ఇవ్వండి. నానమ్మ ముందు మల్లెమొగ్గలు, దారం పెట్టండి. తాతయ్యను మామిడిచెట్టు చూపించమనండి. నాన్నను పిల్లాడికి గాలిపటం దారం కట్టమనండి. వాళ్లు పనిలో పడ్డాక ఒక ఐదు నిమిషాలు ఫొటోలు తీయకుండా ఊరికే అక్కడే ఉండండి. ఫోన్ ఉందన్న సంగతి మర్చిపోయాక మొదలుపెట్టండి.

"నవ్వు తాతయ్యా" అంటే నవ్వు రాదు. "తాతయ్యా, నీ మొదటి జీతం ఎంత?" అని అడిగి చూడండి. చెప్పడం మొదలుపెట్టగానే కళ్లు ఎటో వెళ్తాయి, చేతులు లేస్తాయి, మధ్యలో ఓ నవ్వు దానంతటదే వస్తుంది. 

పిల్లలకైతే ఆటే మందు. తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు, లేదంటే "ఆ చెట్టు దగ్గర్నుంచి నా దాకా ఎవరు ముందొస్తారో చూద్దాం" అన్నా చాలు. మీరు మోకాళ్ల మీద కూర్చుని ఫోన్‌ను వాళ్ల కళ్ల ఎత్తుకు దించండి. పైనుంచి తీస్తే తల పెద్దగా, కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. ఆకలి వేళ, నిద్ర వేళ మాత్రం జోలికి వెళ్లొద్దు.

గ్రూప్ ఫొటోకు ఒక చిట్కా ఉంది. వరసలో నిలబెట్టి మామూలు ఫొటో ఒకటి తీసేయండి, పెద్దవాళ్లకు అది కావాలి. "అయిపోయింది" అనండి. కానీ ఫోన్ దించొద్దు. అప్పుడే పిన్ని బాబాయి మీద జోకేస్తుంది, అత్తయ్య పాప జుట్టు సర్దుతుంది, అందరి భుజాలూ దిగుతాయి. మీకు కావాల్సింది ఆ తర్వాతి పది సెకన్లే.

ఎండ సంగతి

మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉంటే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. ఆ టైమ్‌లో తప్పకపోతే వరండా అంచునో గోడ నీడలోనో నిలబెట్టి, మొహం వెలుతురు వైపు తిప్పించండి. ఆకుల సందుల్లోంచి ఎండ పడే చెట్టు కింద వద్దు, మొహం మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది.

సూర్యాస్తమయానికి ముందు గంట అన్నిటికంటే మంచిది. సంక్రాంతి రోజుల్లో విశాఖలో సుమారు 5:40కి, హైదరాబాద్‌లో 6 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. దాన్నుంచి గంట వెనక్కి లెక్కేసుకోండి. ఏ వైపు నిలబెట్టాలన్నదీ ఊరిని బట్టి మారుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు. పొద్దున్నే సముద్రం వెనక పెట్టి తీస్తే మొహాలు నల్లగా వస్తాయి, సాయంత్రమైతే వెలుతురు మొహం మీద పడుతుంది. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో దీనికి ఉల్టా. సాయంత్రం సూర్యుడు గోదావరి అవతలికే దిగుతాడు, కాబట్టి గోదారి వెనక ఉండేలా తీయాలంటే పొద్దున్నే వెళ్లాలి.

ఫోన్‌లో చేయాల్సినవి నాలుగే

ఒకటి, లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. సగం ఫొటోలు మసగ్గా రావడానికి కారణం జేబులో జిడ్డే. రెండు, 1ఎక్స్‌లో మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది. 2ఎక్స్ పెట్టుకుని రెండడుగులు వెనక్కి జరగండి. మూడు, స్క్రీన్ మీద మొహం దగ్గర ఒకసారి నొక్కండి. ఫోకస్ అక్కడ పడుతుంది, మొహం చీకటిగా ఉంటే వేలితో పైకి జరిపి వెలుతురు పెంచుకోవచ్చు. నాలుగు, పరిగెత్తే పిల్లలకు బర్స్ట్ వాడండి. ఐఫోన్‌లో షటర్ బటన్‌ను ఎడమవైపు జరిపి పట్టుకుంటే వరసగా ఫొటోలు పడతాయి. ఆండ్రాయిడ్‌లో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, కెమెరా సెట్టింగ్స్‌లో చూసుకోండి.

బ్యూటీ ఫిల్టర్ మాత్రం ఆఫ్ చేయండి. నానమ్మ మొహంలో ముడతలు తీసేస్తే అక్కడ మిగిలేది నానమ్మ కాదు.

అడిగాకే పోస్ట్

తీసిన వెంటనే స్టేటస్‌లో పెట్టేయకండి. పెద్దవాళ్లకు చూపించి, సరేనంటేనే పెట్టండి. చుట్టాల పిల్లలైతే అమ్మానాన్నల్ని అడగండి. స్కూల్ యూనిఫామ్ బ్యాడ్జీ, ఇంటి నంబరు కనిపించే ఫొటోలు, స్నానం చేస్తున్నప్పటివి అసలే వద్దు. ఆ పిల్లలు రేపు పెద్దయ్యాక వాటిని చూసేది వాళ్ల క్లాస్‌మేట్లే.

ఇంకో మాట. మీ ఇంట్లో ఎప్పుడూ ఫోన్ పట్టుకుని ఫొటోలు తీసేదెవరు? అమ్మా? అక్కా? గ్యాలరీ తెరిచి చూడండి, ఆమె ఏ ఫొటోలోనూ ఉండదు. ఈ ఆదివారం సాయంత్రం ఫోన్ ఆమె చేతిలోంచి తీసుకోండి. పెరట్లోనో మేడ మీదో తనకిష్టమైన పని చేసుకోనివ్వండి, మాట్లాడించండి, తీయండి. వచ్చినవాటిలో బాగున్న రెండింటిని దగ్గర్లోని స్టూడియోలో 4x6 సైజులో ప్రింట్ వేయించి ఆమె చేతికివ్వండి. ఫోన్ పోయినా అవి బీరువాలో ఉంటాయి.