ఒళ్లొస్తే థైరాయిడ్, ముఖం ఉబ్బితే కిడ్నీ - ఇదేమి లెక్క?

ఉద్దానంలో ఎవరి ముఖమైనా కాస్త ఉబ్బితే చాలు, ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని సంసారాలను కూల్చిందో అందరూ ఎరిగినదే కనుక ఆ భయాన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే పలాస, టెక్కలి వైపు ఇప్పుడు మరో మాట కూడా వినవస్తోంది. ఏ ఆడమనిషి ఒళ్లు చేసినా "థైరాయిడ్ వచ్చినట్టుంది" అని ఇరుగుపొరుగు తేల్చేస్తున్నారు. ఈ రెండూ రక్తపరీక్షలో తేలవలసిన సంగతులు. రచ్చబండ మీద తేలేవి కావు.

అసలు థైరాయిడ్ అన్నది జబ్బు పేరు కాదు. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ప్రతి మనిషికీ ఉండే గ్రంథి అది. తిన్న తిండిని ఒళ్లు ఎంత వేగంగా ఖర్చు చేయాలో దాని హార్మోనే నిర్ణయిస్తుంది. అది తగ్గితే పొయ్యిలో మంట తగ్గినట్లే. నీరసం, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం, ఒళ్లు నొప్పులు, ముఖం ఉబ్బు వస్తాయి. హార్మోను ఎక్కువైతే ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి.

హార్మోను తగ్గినప్పుడు బరువు పెరిగే మాట నిజమే. ఎంత పెరుగుతుందన్నదే ప్రశ్న. సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలు. అందులోనూ చాలా భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ, నీరూను. మాత్రలు వాడితే ఆ మేరకు తగ్గుతుంది, అంతకు మించి తగ్గదు. పదిహేను, ఇరవై కిలోలు పెరిగిన వారు తప్పంతా ఆ చిన్న గ్రంథి మీదకు నెట్టడం సరికాదు. పొద్దస్తమానం ఒక్కచోట కూర్చుని జీడిపప్పు పొట్టు తీసే ఆడవారికి ఒళ్లు రావడానికి వేరే జబ్బు ఉండనక్కరలేదు. పోనీ అని వారిని తిండిపోతులంటూ ఎగతాళి చేయడమూ అన్యాయమే.

అంతకంటే ప్రమాదం మరొకటుంది. ఒకరికి డాక్టరు రాసిన థైరాక్సిన్ బిళ్లలు మరొకరు సన్నబడాలని మింగడం. ఆ గ్రంథి సక్రమంగా ఉన్నవారు ఈ బిళ్లలు వాడితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు.

ఉద్దానం వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. థైరాయిడ్ హార్మోను తగ్గినవారికి ఒళ్లంతా నొప్పులు ఉంటాయి. పొలం పని, తోట పని చేసేవారు అది పని అలుపే అనుకుని దుకాణంలో నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగుతారు. నెలల తరబడి వాడితే ఆ బిళ్లలే కిడ్నీలకు చేటు. మరో చిక్కు ఏమిటంటే, హార్మోను బాగా తగ్గినప్పుడు కిడ్నీల వడపోత కూడా మందగించి రక్తంలో క్రియాటినిన్ కొంత పెరగవచ్చు. హార్మోను సరిచేస్తే ఆ పెరుగుదల చాలావరకు దిగివస్తుంది. మరో పక్క, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో థైరాయిడ్ లోపం మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ముఖం ఉబ్బు చూసి ఇది థైరాయిడే అని ధీమాగా ఉండడానికీ వీలు లేదు, కిడ్నీ పోయిందని మంచం పట్టడానికీ వీలు లేదు. కిడ్నీ జబ్బు తొలిదశలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు కూడా.

ఉప్పు సంగతి సరేసరి. నౌపడ ఉప్పు మడులు పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో కల్లుప్పు వాడకం కొత్త కాదు. సముద్రపు నీటిలో పండినా ఉప్పులో అయోడిన్ దాదాపు ఉండదు, విడిగా కలపవలసిందే. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడంపై 2006 మే నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అయోడిన్ ఉప్పుతో గొంతువాపు తగ్గుతుందని 1956లో మొదలుపెట్టిన కాంగ్రా లోయ పరిశోధనతో నిరూపించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. ఆ మాట ఈ జిల్లాలో ఎందరికి తెలుసు? అలాగని ఉప్పు ఎక్కువ తింటే థైరాయిడ్ నయం కాదు. నేడు చాలామందిలో ఈ లోపానికి కారణం ఒంటి రక్షణ శక్తి తన గ్రంథి మీదే తిరగబడడం. పైగా ఉప్పు ఎక్కువైతే రక్తపోటు, దాని వెంట కిడ్నీలకు ముప్పు.

2013లో వెలువడిన ఒక అధ్యయనంలో దేశంలోని 8 నగరాల పెద్దలలో నూటికి సుమారు 11 మందికి థైరాయిడ్ హార్మోను లోపం ఉన్నట్టు తేలింది. నగరాల సంగతి అలా ఉంటే పల్లెలకు ఉండదనుకోవడం పొరపాటు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. గ్రామాల్లో క్రియాటినిన్ చూసే ప్రతి శిబిరంలోనూ నీరసం, ఉబ్బు ఉన్నవారికి అదే రక్తంతో టిఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించాలి. గర్భిణులకైతే తొలి నెలల్లోనే చేయించాలి, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదే ఆధారపడి ఉంటుంది.

లోపం తేలినవారు మాత్రను తెల్లవారి పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట వరకు టీ అయినా తాగకూడదు. ఐరన్, కాల్షియం బిళ్లలు నాలుగు గంటలు ఆగి వేసుకోవాలి. బరువు తగ్గలేదని అలిగి మాత్ర మానేసేవారు కొందరు ఉన్నారు. ఆ మాత్ర ఇచ్చింది బరువు కోసం కాదు.