యుద్ధకాలపు ఆంక్షలు – మన నూలు, రంగుల నిలువ

ఈ యేటి లాభములో ఒక పాలు నూలు, రంగుల నిలువకై ప్రత్యేకించవలెనని మా కార్యవర్గము మహాసభ ముందు తీర్మానము పెట్టదలచినది. రాయగడ, కోరాపుట్ జిల్లాల మన నేత కుటుంబములలో దీనిపై భిన్నాభిప్రాయములు కలవు. దసరాకు చేతికి రావలసిన బోనసును గోదాములో పెట్టి తాళము వేయుటేమని కొందరు సభ్యులు అడుగుచున్నారు. అడుగుట న్యాయమే. ఎక్కడో సముద్రములో ఎవరో తీగ కోసిన, ఎవరిపైనో ఎవరో ఆంక్ష విధించిన, గుంట మగ్గములో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మనకేమి?

1914 ఆగస్టు 4న బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించినది. మరునాడు తెల్లవారుజాముననే అలర్ట్ అను ఓడ జర్మనీ నుండి బయటి ప్రపంచమునకు పోవు సముద్రపు తంతి తీగలను పైకి లాగి నరికివేసినది. వెనువెంట సరకులకు దిగ్బంధము. జర్మనులును ఊరకుండలేదు. ఎమ్డెన్ అను వారి యుద్ధనౌక బంగాళాఖాతములో సరకు ఓడలను ముంచుచు తిరిగి, సెప్టెంబరు 22 రాత్రి చెన్నపట్టణము రేవులోని నూనె తొట్లను తగులబెట్టినది. నవంబరు 9న కోకోస్ దీవులలోని తంతి కేంద్రముపై మనుషులను దించి తీగను నరికించినది. అచటి ఉద్యోగులు ముందే కబురు పంపియుండిరి గనుక సిడ్నీ అను ఆస్ట్రేలియా నౌక వచ్చి దాని పని పట్టినది.

ఆనాడు మన ప్రాంతము విశాఖపట్టణము జిల్లా ఏజెన్సీలోనిది, చెన్నపట్టణమే మనకు రాజధాని. అయినను నేతగానికి ఫిరంగి దెబ్బ కంటె రంగు డబ్బా దెబ్బయే ఎక్కువ తగిలినది. ఎరుపునకు వాడు చిరువేరును, తొగరు వేళ్ళను అలిజరిన్ డబ్బా అప్పటికే వెనుకకు నెట్టియుండెను. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిమందును అమ్మకమునకు తెచ్చిన పిమ్మట మన దేశపు నీలి సాగు కూలినది. 1914 నాటికి ప్రపంచములోని కృత్రిమ రంగులలో నాల్గింట మూడు వంతులకు పైగా జర్మనీవే. దిగ్బంధముతో అవి రాక, ఉన్న డబ్బాల ధర అనేక రెట్లు పెరిగినది. నీలి సాగు కొంతకాలము మరల లేచినది గాని, డబ్బాలు దాచగలిగిన వర్తకుడే బాగుపడెను.

రెండవ యుద్ధములో ఇదే నూలు విషయమున జరిగినది. 1941 జూలైలో అమెరికా, బ్రిటను తమ వద్దనున్న జపాను ధనమును స్తంభింపజేసినవి. మన దేశములోని ప్రభుత్వమును అదే బాట పట్టినది. జపాను నుండి వచ్చు కృత్రిమ పట్టు నూలు ఆగినది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడినవి. మిల్లులు సైన్యపు బట్ట నేయుచుండ మగ్గమునకు మిగిలిన నూలు స్వల్పము. 1943 జూన్‌లో బట్ట, నూలు కంట్రోలు ఉత్తరువు వచ్చినది.

ఇప్పటి సంగతి చూతము. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రమున హూతీల క్షిపణి తగిలిన రూబీమార్ అను ఓడ కొట్టుకొనిపోవుచు తన లంగరుతో అడుగునున్న మూడు తీగలను తెంచినదని నిపుణుల అంచనా. ఆ నవంబరులో బాల్టిక్ సముద్రమున రెండు తీగలు ఒకదాని వెంట ఒకటి తెగగా, బుద్ధిపూర్వకముగా తెంచిరా యని దర్యాప్తులు జరిగినవి. 2025 సెప్టెంబరులో జెడ్డా వద్ద తీగలు తెగి మన దేశములోను ఇంటర్నెట్ మందగించినది. ఇందులో అతిశయోక్తి పనికిరాదు. ఆ దినములలో మన మగ్గము ఒక్కపూట ఆగలేదు. దేశము లోపలి చెల్లింపులు ప్రధానముగా లోపలి తీగలపైననే నడుచును.

మనకు తగులునది నెమ్మదిగా వచ్చు దెబ్బ. 2023 చివరి నుండి చాల ఓడలు ఎర్ర సముద్రము మాని ఆఫ్రికా ఖండము చుట్టి పోవుటచే ఐరోపా ప్రయాణము సుమారు పది దినములకు పైగా పెరిగినది, కిరాయియు పెరిగినది. 2022లో రష్యా బ్యాంకులు కొన్నింటిని స్విఫ్ట్ నుండి, అనగా బ్యాంకులు ఒకదానికొకటి కబుర్లు పంపుకొను ఏర్పాటు నుండి తొలగించిరి. గొడ్డలి లేకుండ తీగ నరుకుట వంటిదే ఇది. ఆ రష్యా చమురు కొన్నందుకని 2025 ఆగస్టు 27న అమెరికా మన దేశపు సరకులపై మరియొక 25 శాతము సుంకము వేయగా అనేక సరకులపై అది 50 శాతమైనది. కరూరు, పానిపట్టు వంటి చోట్ల ఎగుమతి ఆర్డర్లు దెబ్బతినినవి. చమురు ఎవరి వద్ద కొనవలెనో నేతగానిని ఎవరు అడిగిరి?

కోరాపుట్ జిల్లాలోనే కోట్‌పాడ్ మిర్గాన్ నేతవారు తొగరు జాతి చెట్టు వేరు బెరడుతో – వారు ఆల్ అందురు – నేటికిని నూలుకు ఎరుపు వేయుచున్నారు. అన్నభేది చేర్చి నల్లని ఛాయలు తెత్తురు. ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చిరి. ఏ ఓడ రాకున్నను ఆ ఎరుపు ఆగదు. అయితే నూలుకు ఆముదము, బూడిద, పేడ పట్టించి, ఉతికి ఆరవేయుచు దినముల తరబడి చేయవలసిన పని అది. మన బట్టయంతయు అట్లే అద్దుదమనుట అడియాస. ఇద్దరు పడుచువారిని పంపి ఆ పని నేర్పించిన చాలునని మా కోరిక.

ఇక తీర్మానము. రిజర్వు ఫండుకు పోగా మిగిలిన లాభములో నాల్గవ వంతు మాత్రమే నిలువకు. దానితో మూడు మాసములకు సరిపడు చిలప నూలు, మనము ఎక్కువ వాడు రంగులు కొనవలెను. వానాకాలపు చెమ్మకు నూలు ముక్కునను వారి మాట నిజమే. పాతది ముందు ఇచ్చి కొత్తది వెనుక పేర్చవలెను, బస్తాలు బల్లలపై ఉండవలెను. హైడ్రోసు తడి తగిలిన పాడగుటయే గాక వేడెక్కి అంటుకొను ప్రమాదము కలదు గనుక ఒక మాసమునకు మించి ఉంచరాదు. బజారులో ధర ఎంత పెరిగినను సభ్యునికి కొన్న ధరకే ఈయవలెను. తాళములు రెండు: ఒకటి కార్యదర్శి వద్ద, రెండవది సభ్యులు ఎన్నుకొన్న నేతగాని వద్ద. నిలువ లెక్క ప్రతి మాసాంతమున నోటీసు బోర్డుపై అంటింపబడును.

బోనసు తగ్గును, ఆ మాట దాచుట లేదు. బడి ఫీజులు, పెండ్లిండ్లు ఉన్న ఇంటికి అది చిన్న మాట కాదు. అందుచే ఒకే మగ్గమున్న కుటుంబములకు ఈ యేడు కోత లేకుండ, అంతకు మించి ఉన్నవారి నుండియే మొదలిడవలెనని మా సూచన. ఒప్పుకొనని వారు అరుగులపై అనుకొనుట మాని సభకు వచ్చి చెప్పవలెను. సవరణలు వ్రాతమూలకముగా సభకు వారము ముందు కార్యాలయమునకు అందజేయగోరుచున్నాము.