మీ ఇంటి మిలిటరీ తాత నంబరు రాసిపెట్టండి



తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. ఆ సంగతి అక్కడివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. కానీ పట్టాళంలో చేరినవాళ్లు ఒక్క మాధవరంలోనే లేరు. రెండో యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో తుపాకీ పేల్చినవాళ్లే కాదు, వంతెనలు కట్టినవాళ్లు, లారీలు తోలినవాళ్లు, గాయపడ్డవాళ్లను మోసినవాళ్లు, వంటచేసినవాళ్లు కూడా సైనికులే. యుద్ధం అయిపోయాక చాలామందిని ఇళ్లకు పంపేశారు. తిరిగొచ్చి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. అలాంటివాళ్ల గురించే ఈ విజ్ఞప్తి.

“మా తాత బర్మా యుద్ధానికి వెళ్లొచ్చాడు” అన్న ఒక్క మాట పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. పేరు తెలిసినా కష్టమే. పాత సైనిక జాబితాల్లో ఇంటిపేరు లేకుండా ఉత్త అప్పన్న, ఉత్త రాములు అని ఎన్నో పేర్లు కనిపిస్తాయి. జిల్లా పేర్లు కూడా ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగుల్లో విజగపటం, కిస్ట్నా, కడ్డపా అని ఉంటాయి. ఇన్ని చిక్కుల్లో మనిషిని పట్టిచ్చేది సర్వీసు నంబరు ఒక్కటే.

ఆ నంబరు చాలావరకు మీ ఇంట్లోనే ఉంటుంది. ముందు ట్రంకుపెట్టెలో డిశ్చార్జి కాగితాలున్నాయేమో చూడండి. అవి లేకపోతే పతకాలు తీయండి. మొదటి యుద్ధపు గుండ్రటి పతకాలకు అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో మనవాళ్లకిచ్చిన పతకాలకూ చాలావాటికి అలాగే ఉంటాయి. బర్మా స్టార్ అయితే ఆరు మూలల నక్షత్రం, దాన్ని తిప్పి వెనకవైపు చూడండి. కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా తేలతాయి. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు పోతాయి. మొదటి యుద్ధపు పతకాల్లో ఒకటి వెండిది. వెండి ధర పెరిగిందని దాన్ని కరిగించారంటే మనిషి ఆనవాలు కూడా కరిగిపోయినట్టే. పాత ఉత్తరాలుంటే కవర్లు పారేయొద్దు. వాటి మీదున్న ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలోని అంకెను బట్టి ఆ రోజుకు ఆయన దళం ఎక్కడుందో తెలుసుకోవచ్చు.

నంబరు దొరికితే తర్వాతి దారి కష్టం కాదు. యుద్ధంలో చనిపోయినవారి వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చాలా చోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి. సమాధి లేదని నిరాశపడకండి. రంగూన్ దగ్గర టౌక్యాన్ శ్మశానవాటికలోని స్తంభాల మీద సమాధి తెలియని దాదాపు 27 వేల మంది పేర్లు చెక్కారు. తిరిగొచ్చినవారి సంగతులకు వారి దళపు రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాస్ సాపర్స్‌ది బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్. రెండో యుద్ధ సైనికులకు, వారి భార్యలకు ప్రభుత్వ సాయం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అందుతుంది కాబట్టి అక్కడా అడగండి.

కాగితాల కంటే తొందరగా పోయేవి మనుషుల జ్ఞాపకాలు. 1945లో పదహారేళ్ల పెళ్లికూతురికి ఇప్పుడు తొంభై దాటాయి. మనియార్డర్లు ఎక్కణ్ణుంచి వచ్చేవి, సెలవుకి ఎప్పుడొచ్చాడు, ఏ మాటలు హిందీలో అనేవాడు, ఏ ఊసెత్తితే లేచి వెళ్లిపోయేవాడు – ఇవి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వంటవాణ్ణి ఫిరంగి వీరుణ్ణి చేయొద్దు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్‌లో పట్టుబడ్డాడనో, ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడనో, మధ్యలో పారిపోయి వచ్చాడనో తేలితే దాచొద్దు. భయపడ్డ మనిషి కథ కూడా యుద్ధం కథే.

ఈ సంక్రాంతికి అందరూ ఇంటికి చేరినప్పుడు ఒక పూట దీనికి కేటాయించండి. నంబరు, పూర్తి పేరు, ఊరు, దళం, చేరిన తేదీ, విడుదలైన తేదీ, ఇంట్లోవాళ్లు చెప్పిన మాటలు ఒక కాగితం మీద రాయండి. మూడు ప్రతులు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి దూరాన ఉన్న బంధువుల దగ్గర ఉంచి, ఒకటి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఆయన్ను చూసినవాళ్లు ఇంకా ఉండగానే ఈ పని పూర్తిచేయండి.