సిర్పూర్ (యు)లోని ‘యు’

సిర్పూర్ (యు) మండలం పేరులోని ఆ ‘యు’ ఉట్నూరుకు గుర్తు. కాగజ్‌నగర్ పక్కనున్న సిర్పూర్ (టి)తో కలగాపులగం కాకుండా తగిలించిన అక్షరం. ఇప్పుడు ఉట్నూరేమో ఆదిలాబాద్ జిల్లాలో ఉంది, సిర్పూర్ (యు) కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు వెళ్లింది. చిన్న జిల్లాలు మేలా, కీడా అన్న వాదన వచ్చినప్పుడల్లా నాకు ఈ ఒంటి అక్షరమే గుర్తొస్తుంది.

2016 దసరా నాడు, అక్టోబర్ 11న, తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో 33కు చేరాయి. 52 మండలాల పాత ఆదిలాబాద్‌లో 2011 లెక్కల ప్రకారం 27,41,239 మంది. అది నాలుగుగా చీలితే మంచిర్యాలకు 8,07,037, నిర్మల్‌కు 7,09,418, ఆదిలాబాద్‌కు 7,08,972 మంది వచ్చారు. ఆసిఫాబాద్ వాటాకు 5,15,812 మంది, 15 మండలాలు, ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అని రెండు రెవెన్యూ డివిజన్లు.

విభజన మంచిదే అనేవాళ్ల మాట కొట్టిపారేయలేం. ప్రాణహిత వైపున్న బెజ్జూర్ రైతుకు భూమి తగాదా వస్తే ఒకప్పుడు ఆదిలాబాద్ దాకా పోవాలి. అదొక రోజులో తెమిలే పని కాదు. ఇప్పుడు సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. జిల్లా అయినందుకే 2023లో ఆసిఫాబాద్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. నిజాం కాలంలో జిల్లా కేంద్రంగా వెలిగిన ఊరు, ఆ తర్వాత డివిజన్ కేంద్రంగా మిగిలింది. దాని పాత హోదా దానికి దక్కింది, అంతే.

ఐదు లక్షల మందికి ఒక కలెక్టరు, ఒక ఎస్పీ, శాఖకో జిల్లా అధికారి అవసరమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఖర్చు వాదన నాకు అంతగా ఎక్కదు. అడవిలో తలలు లెక్కబెట్టి ఆఫీసు పెడితే ఎక్కడా పెట్టలేం.

నాకు ఎక్కేది జైనూర్ వాళ్ల గోడు. జైనూర్, సిర్పూర్ (యు), లింగాపూర్ మండలాలు కెరమెరి ఘాట్‌కు అవతల ఉన్నాయి. జైనూర్ నుంచి ఉట్నూరు దగ్గర. ఆసిఫాబాద్ పోవాలంటే ఘాట్ మలుపులన్నీ తిరగాలి. గిరిజనుల పనులు చూసే ఐటీడీఏ ఉట్నూరులోనే ఉంది, నాలుగు జిల్లాలకూ అదే. అంటే పోడు పట్టా కోసం ఐటీడీఏ చుట్టూ ఒక దిక్కు, కలెక్టరేట్ చుట్టూ ఇంకో దిక్కు తిరగాలి. ఉద్యోగాల దగ్గర ముడి ఇంకా బిగుస్తుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికత. జైనూర్ పిల్లను ఉట్నూరు ఆశ్రమ పాఠశాలలో వేస్తే, పెద్దయ్యాక సొంత జిల్లా పోస్టులకు ఆ అమ్మాయి స్థానికేతరురాలు! జోన్లూ వేరే: ఆదిలాబాద్ బాసరలో, ఆసిఫాబాద్ కాళేశ్వరంలో.

కాబట్టి జిల్లా ఎత్తేయమనను. బెజ్జూర్‌కు అది అన్యాయం. కానీ ఘాట్ అవతలి మూడు మండలాలను ఇటు కలపడం మాత్రం మ్యాపు ముందు కూర్చుని చేసిన పనిలా ఉంది. 5,15,812 కూడా పాత ఆదిలాబాద్ లెక్కలోంచి మండలాల వారీగా ఏరి కూడిన అంకే. 2027 జనగణనతో గానీ ఈ జిల్లా పేరు మీద తొలి లెక్క రాదు. ఆ అంకె మీద మళ్లీ గీతలు గీసేవాళ్లు, జైనూర్ బస్టాండులో ఓ పూట నిలబడి జనం ఏ వైపు బస్సెక్కుతున్నారో చూసి గీస్తే బాగుంటుంది.