ముఖం చూశాకే ఫేషియల్



మాఘం, శ్రావణం ముహూర్తాలు వచ్చాయంటే నరసరావుపేట, పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల పార్లర్లలో కాలు పెట్టడానికి చోటుండదు. మనిషి కుర్చీలో కూర్చోగానే పార్లరు నడిపే మేం అడిగే మొదటి మాట “గోల్డా, ఫ్రూటా, డైమండా?” అని. నిజానికి “ముఖానికి ఇప్పుడేం రాస్తున్నారమ్మా?” అని ముందు అడగాలి. జవాబు విని, చర్మం చూసి, అవసరమైతే “ఈరోజు వద్దు” అని పంపెయ్యడం కూడా మా పనేనని చెప్పడానికే ఈ లేఖ.

మా దగ్గరికొచ్చే ముఖాల్లో పెద్ద చిక్కు డాక్టరు చీటీ లేకుండా కొన్న క్రీములతోనే. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసిన పూతమందు రాస్తే మొదట్లో ముఖం తేటబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి. మొటిమలు, నూగు వెంట్రుకలు మొదలవుతాయి. ఎండ తగిలితే మంట. అలాంటి ముఖానికి స్క్రబ్బు రుద్ది ఆవిరి పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? “క్రీము ఈరోజే మానెయ్” అని కూడా మేం అనకూడదు. ఒక్కసారిగా ఆపితే ముఖం ఇంకా రేగుతుంది కనుక చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పంపాలి. ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా “ఇంట్లో అందరం అదే రాస్తామండీ” అనే మాట నేను తరచూ వింటున్నాను. పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు ఇంకో ప్రమాదం. వాటిలో పాదరసం ఉండొచ్చు. కేరళలోని మలప్పురంలో అలాంటివి వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిన సంగతి 2023లో బయటపడింది.

పైగా మన జిల్లాలోని రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఊరు. మిరపకోతలకు వెళ్లొచ్చే ఆడవాళ్ల ముఖం ఎండకూ ఘాటుకూ ముందే రేగి ఉంటుంది. దాని మీద పెరాక్సైడ్, అమ్మోనియా ఉన్న బ్లీచ్ పూస్తే చురుక్కుమంటుంది. మన చామనచాయ చర్మానికి మంట తగ్గినా నల్లమచ్చ మిగలొచ్చు. మంగు ఉన్నవాళ్లకు ఆ మంగు ఇంకా ముదురుతుంది.

చర్మం చూడటమంటే అద్దం ముందు రింగ్ లైటు వేసి చూడటం కాదు. పౌడరు, క్రీము కడిగించి, కాసేపు ఆగి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడాలి. నుదురు, ముక్కు, బుగ్గల మీద టిష్యూ కాగితం అద్దితే జిడ్డు ఎక్కడుందో, పొడి ఎక్కడుందో తెలుస్తుంది. ఎర్రగా ఉన్నచోట వేలితో మెల్లగా నొక్కి నొప్పి, వేడి ఉన్నాయేమో అడగాలి. చీముమొటిమలు, పెదవి పక్కన నీటిపొక్కులు, తామర కనిపిస్తే ఆరోజు ముఖం ముట్టుకోకూడదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నారా, గర్భిణా, షుగరుందా, ఇంతకు ముందు ఏదైనా పడలేదా అనీ అడగాలి. ఆ మాత్రలు వాడేవాళ్లకు వ్యాక్సింగ్ చేస్తే పైచర్మం ఊడొచ్చే ప్రమాదం ఉంది.

పాలిపోయిన మచ్చ కనిపించగానే “శోభిలే” అని తీసిపారెయ్యొద్దు. స్పర్శ లేకపోతే అది కుష్ఠు కావచ్చు. జబ్బు పేరు చెప్పి భయపెట్టడం మా పని కాదు. “ఒకసారి గవర్నమెంటు ఆసుపత్రిలో చూపించుకోండి” అంటే చాలు. కుష్ఠు మందులు అక్కడ ఉచితం, మొదట్లోనే పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది.

తోటి పార్లర్లవాళ్లు ఒక మాట అంటారు: “ఇన్ని అడిగితే పక్క షాపుకు పోతారు.” కొందరు పోతారు, నిజమే. కానీ పీటల మీద కూర్చున్న పెళ్లికూతురి ముఖం కందిపోయి ఉంటే ఆ సంగతి ఊరంతటికీ తెలియడానికి ఒక్క పూట చాలు. సీజన్‌లో తీరిక ఎక్కడిదన్నది రెండో మాట. పెళ్లి నెల ఉందనగా రమ్మంటే తీరిక దానంతటదే దొరుకుతుంది. కొత్త బ్లీచ్ ఏదైనా చెవి వెనక కొద్దిగా పూసి పరీక్షించి, ఒకట్రెండు రోజులు ఆగి, దురద, ఎరుపు లేవని తేలాకే ముఖానికి పూయాలి. పెళ్లి ముందురోజు సాయంత్రం వచ్చి “ఏదో ఒకటి చేసెయ్యండి” అంటే ఇవేవీ కుదరవు. కస్టమర్లు కూడా తాము వాడే క్రీము పేరు దాచకుండా చెప్పి, వీలైతే ఆ ట్యూబే వెంట తేవాలి.

మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు తీసుకునేటప్పుడు నన్నెవరూ చర్మం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడు ఉంది, నైపుణ్య శిక్షణలూ ఉన్నాయి. కానీ పార్లరు పెట్టేవాళ్లలో చాలామంది నాలుగు వారాలు ఎవరి దగ్గరో నేర్చుకుని వచ్చినవాళ్లే. అందుకే ఈ జిల్లా అధికారులకు మనవి: ప్రతి పార్లరులో కస్టమరు పేరున ఒక కార్డు ఉండాలని, అందులో వాడే మందులు, చర్మం తీరు, చేసిన పరీక్ష రాసి ఉండాలని లైసెన్సు షరతుగా పెట్టండి. చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్మే షాపుల మీద ఔషధ తనిఖీ అధికారులు దృష్టి పెట్టేలా చూడండి. పార్లర్లవాళ్లకు చర్మవ్యాధుల డాక్టర్లతో ఏడాదికొక పూట శిక్షణ ఇప్పించండి. షాపు మూసి రావడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పార్లరు నిర్వాహకురాలు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.